కాలి కింద రాజుగారు

ఇంగ్లండు రాజు రిచర్డు గుర్రాన్ని ఉరికిస్తూ బల్లెం ముందుకు చాచాడు. పక్క పలకలో సుల్తాను సలాదీన్ ఆ పోటుకి వెనక్కి విరుచుకుపోతున్నాడు, కింద గుర్రం కూలబడుతోంది. జానెడు పైచిలుకు వెడల్పున్న గుండ్రటి మట్టి పలకలివి. 13వ శతాబ్దం నడిమిలో కాల్చినవి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నన్ను పట్టుకు వదలని సంగతేమిటంటే, ఈ పోరు అసలు జరగనే లేదు. 1191, 92ల్లో క్రూసేడు యుద్ధంలో వాళ్ళ సైన్యాలు తలపడ్డాయి గానీ, వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నడిచినవన్నీ రాయబారాలే. జబ్బున పడ్డ రిచర్డు పళ్ళూ మంచూ కావాలని శత్రువుకి కబురు పెడితే సుల్తాను పంపించాడని, సలాదీన్ కొలువులో ఉన్న బహాఉద్దీన్ రాసిపెట్టాడు. 1192 సెప్టెంబరులో సంధి కుదిరింది. మరుసటి మార్చిలో సలాదీన్ డమాస్కస్‌లో జ్వరంతో మంచం మీదే పోయాడు. అతన్ని బల్లెంతో పొడిచింది చరిత్రలో ఎవరూ కాదు, అరవై ఏళ్ళ తర్వాత ఇంగ్లండులో అచ్చు చెక్కిన ఓ పనివాడు.

అబద్ధం సంగతి అటుంచండి, రాజుల మీద అబద్ధాలు ఎక్కడైనా పుడతాయి. నాకు మింగుడుపడనిది ఆ పలకలు పరిచిన చోటు. అవి గోడకు పెట్టినవి కావు, గచ్చు మీద పరిచినవి. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇళ్ళలో పెరిగాం. పాత కేలండరు మీద దేవుడి బొమ్మ ఉంటే చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాదు. అలాంటిది సొంత దేశపు రాజునీ, పురాణ వీరులనీ, ఆఖరికి సాధువులనీ నేల మీద పరిచి, బురద చెప్పులతో వాళ్ళ మీదుగా నడిచి వెళ్ళారంటే ఏమనుకోవాలి? ముగ్గు కూడా తొక్కేదేగా అనొచ్చు. కానీ ముగ్గుని మర్నాటికి చెరిగిపోవాలనే వేస్తాం. ఇవి వందల ఏళ్ళు ఉండాలని కాల్చి మరీ పరిచినవి.

ఈ అభ్యంతరం మన ఒక్కరిదే కాదు. 12వ శతాబ్దంలో క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్, ఆయన్ని తర్వాత సెయింటు చేశారు, ఈ అలవాటు మీద మండిపడ్డాడు. దేవదూత మొహం మీద ఉమ్మేస్తున్నారు, సాధువుల మొహాలు మడమలతో నలిపేస్తున్నారు, బొమ్మలంటే అంత గౌరవం లేకపోతే అసలు వేయడమెందుకని ఆయన గోడు. ఆయన శాఖ సన్యాసులు ఆ మాట ఎంత విన్నారో 1210 నాటి ఒక చీవాట్ల దాఖలా చెబుతుంది. నార్మండీలో బోబెక్ మఠాధిపతి తన సన్యాసుల్లో ఒకణ్ణి బయటివాళ్ళకి గచ్చులు పరచడానికి చాలాకాలం పంపించాడట, పెద్దలు పిలిచి మందలించారు. ఆ సన్యాసి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. పని మాత్రం గట్టిగానే దొరికి ఉంటుంది.

మన రిచర్డు దొరికింది లండన్‌కి నైరుతిగా, థేమ్స్ ఒడ్డున ఉన్న చెర్ట్‌సీ మఠంలో. 7వ శతాబ్దంలో పుట్టిన మఠం అది. 1537లో ఎనిమిదో హెన్రీ దాన్ని మూయించి, దగ్గర్లో తాను కట్టుకుంటున్న ఓట్లాండ్స్ రాజభవనానికి రాళ్ళు మోయించుకున్నాడు. రాళ్ళకి గిరాకీ ఉంది గానీ పగిలిన మట్టి పలకలెవరికి కావాలి? అవి అక్కడే మట్టిలో కూరుకుపోయాయి. 1850లలో తవ్వినప్పుడు ముక్కలు ముక్కలుగా బయటపడ్డాయి. ఆ ఊళ్ళో వైద్యం చేసే మాన్వేరింగ్ షర్లాక్ అనే ఆయన ఆ పెంకుల్ని ఏరి, అతికి, ఏది దేనికి జోడీయో పోల్చుకుని, బొమ్మలు గీసి 1885లో పుస్తకం వేశాడు. ఆ ఏడే ఆయన సేకరణ బ్రిటిష్ మ్యూజియం చేతికి వచ్చింది. చదువుకున్న పురావస్తు పండితుడేం కాదు. ఊరి డాక్టరుకి తీరికా పట్టుదలా ఉంటే ఏం చేయొచ్చో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది.

ఆ ముక్కల్లో రిచర్డు, సలాదీన్‌లతో పాటు ట్రిస్టన్, ఇసోల్డ్‌ల ప్రేమకథ కూడా ఉంది. దెబ్బ తిన్న ట్రిస్టన్ చుక్కాని లేని పడవలో ఒంటరిగా కొట్టుకుపోతుంటాడు. ఇంకో పలకలో ఇసోల్డ్‌కి వీణలాంటి హార్ప్ నేర్పుతుంటాడు. ఇంగ్లండు కవి థామస్ 12వ శతాబ్దంలో ఫ్రెంచిలో రాసిన కావ్యం ఇది. ఆ కావ్యంలో పావు వంతు మాత్రమే మనదాకా వచ్చింది, మొదటి భాగం దాదాపు అంతా పోయింది. 1226లో నార్వే రాజు కోసం రాబర్ట్ అనే సన్యాసి దాన్ని వాళ్ళ భాషలో వచనంగా చెప్పబట్టి కథైనా మిగిలింది. ఆ నార్వే పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తే గానీ చెర్ట్‌సీ పలకల్లో ఏది ఏ ఘట్టమో తేలలేదు. తోలు మీద రాసిన కావ్యం పోయింది, కాళ్ళ కింద పరిచిన బొమ్మలు మిగిలాయి.

పని చేసే తీరు దగ్గర్నుంచి చూడాలి. చలికాలం ముందు బంకమట్టి తవ్వి ఆరుబయట కుప్ప పోస్తారు, మంచుకి గడ్డలు విచ్చుకుంటాయి. వసంతంలో తొక్కి, రాళ్ళు ఏరి, చెక్క చట్రంలో అదిమి పలక తీస్తారు. కాస్త ఆరి గట్టిపడ్డాక, బొమ్మ చెక్కిన చెక్క అచ్చు పెట్టి కొడితే బొమ్మ గుంటగా పడుతుంది. ఆ గుంటలో తెల్లమట్టి నింపి పైపైన గీకేస్తే ఎర్ర పలక మీద తెల్ల బొమ్మ తేలుతుంది. పైన సీసం పూత పూస్తారు. బట్టీలో కాలాక తెలుపు తేనె రంగు పసుపుగా, ఎరుపు ముదురు గోధుమగా మారతాయి. గార పట్టు కోసం అడుగున కత్తితో కొన్ని గుంటలు తవ్వి ఉంచుతారు. మామూలు పలకల్లో సింహం, లిల్లీ పువ్వు లాంటి లావుపాటి బొమ్మలే ఉంటాయి, ఎందుకంటే సన్నగీత మట్టిలో నిలవదు. చెర్ట్‌సీ పనివాడు మాత్రం గుర్రం జూలూ బట్టల ముడతలూ కలం పెట్టి గీసినట్టు తెచ్చాడు. అంతకు ముందు గానీ తర్వాత గానీ ఇంగ్లండులో ఆ పనితనం మళ్ళీ కనిపించదు. అచ్చుల మీది బొమ్మలు చాలా దూరంలో ఉన్న హేల్సోవెన్ మఠం దాకా వెళ్ళాయి, చెయ్యి మాత్రం వెళ్ళలేదు.

ఆ చెయ్యి రాజుగారి కొలువుదై ఉంటుందని చాలామంది ఊహ. ఆ రాజు మూడో హెన్రీ. యుద్ధాల్లో రాణించలేదు, సామంతులు ఆడించారు, చరిత్ర పుస్తకాల్లో ఆయనకు మంచి మార్కులు పడవు. నాకైతే ఆయనంటే ఇష్టం. ఎందుకంటే ఇళ్ళ మీద అంత మోజున్న రాజు మరొకడు లేడు. ఏ గదికి ఏ రంగు వేయాలో, ఏ కిటికీ పెంచాలో, ఏ గోడ మీద ఏ కథ రాయించాలో ఆయన పంపిన ఆజ్ఞలు గుమాస్తాల చుట్టల్లో ఇప్పటికీ ఉన్నాయి. విల్ట్‌షైర్‌లో క్లారెండన్ అనే వేట భవనం ఉండేది. 1251లో అక్కడ ఒక గదిలో క్రూసేడుల నాటి అంటియాక్ కథనూ, ‘రాజు రిచర్డు ద్వంద్వ యుద్ధాన్నీ’ రాయించమన్నాడు. రిచర్డు ఆయనకు స్వయానా పెదనాన్న. జరగని పోరుని రాజే జరిపించాడన్నమాట. ఆ గోడ బొమ్మలు పోయాయి, గోడలూ పోయాయి. క్లారెండన్‌లో ఇప్పుడు నిలిచి ఉన్నది మొండి గోడ ముక్క.

గచ్చు మాత్రం పోలేదు. 1930లలో టాంక్రెడ్ బొరెనియస్, జాన్ చార్ల్టన్ అక్కడ తవ్వితే 1240ల నాటి రాజుగారి గుడి గచ్చు బయటపడింది. వలయం చుట్టూ వలయంగా, ఒక వరుస బొమ్మలు, ఒక వరుస పచ్చటి సాదా పలకలు. రాణి ఎలియనార్ గది గచ్చూ దొరికింది. అన్నిటికన్నా మించి, వాటిని కాల్చిన బట్టీయే దొరికింది. రాజభవనం పెరట్లోనే బట్టీ పెట్టుకుని, సరుకు మోసే ఖర్చు లేకుండా చేసుకున్నారు. గచ్చూ బట్టీ రెండింటినీ ఎత్తుకొచ్చి బ్రిటిష్ మ్యూజియంలో పెట్టారు. కాల్చిన సరుకూ, దాన్ని కాల్చిన కొలిమీ ఒకే కప్పు కింద చూడటం అరుదు. 1970లలో చెషైర్‌లోని నార్టన్ మఠం దగ్గరా ఇలాగే బట్టీ బయటపడితే, దానికి నకలు కట్టి, కట్టెలు పెట్టి, పలకలు కాల్చి చూశారు. పురావస్తువాళ్ళు అప్పుడప్పుడు కుమ్మరి పని కూడా చేస్తే మంచిదే.

హెన్రీ గచ్చుల్లో ఉన్నచోటే ఉన్నది ఒకటుంది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సన్యాసులు సమావేశమయ్యే ఎనిమిది కోణాల మందిరం. 1250ల నాటి పలకలు: రాజచిహ్నపు పెద్ద సింహాలు, వేటగాళ్ళు, వాయిద్యగాళ్ళు. ముష్టివాడి వేషంలో వచ్చిన సెయింట్ జాన్‌కి ఉంగరం ఇచ్చే ఎడ్వర్డు రాజూ ఉన్నాడు. ఆయన కూడా సెయింటే! బెర్నార్డ్ చూసి ఉంటే ఏమనేవాడో. తర్వాత ఆ మందిరాన్ని సర్కారు దస్తావేజుల గోదాముగా వాడారు. కట్టలూ బీరువాలూ పెట్టడానికి చెక్క నేల వేశారు. మూడు వందల ఏళ్ళు ఎవరూ ఆ పలకల్ని తొక్కలేదు. గుమాస్తాగిరీ ఒక కళాఖండాన్ని కాపాడిన సందర్భం ఇంకోటి నాకు తట్టదు. గోదాము ఖాళీ చేయించి 1860లలో బాగు చేయించాక, చూడవచ్చే జనానికి చాలాకాలం బూట్ల మీద తొడుక్కునే మెత్తటి తొడుగులు ఇచ్చేవారు.

తర్వాతి రెండు శతాబ్దాలు నాకు అంత రుచించవు. 14వ శతాబ్దంలో బకింగ్‌హామ్‌షైర్‌లోని పెన్ అనే ఊరు పలకల కర్మాగారమైంది. విండ్సర్ కోటలో ఖజానా గదికి 1355లో వేసిన పెన్ పలకలు ఇప్పటికీ ఉన్నచోటే ఉన్నాయి. సరుకు చవక, బొమ్మ మోటు. ఈలోగా మహమ్మారి వచ్చి పనివాళ్ళని తుడిచిపెట్టింది. కథలు మాయమై పువ్వులూ వలయాలూ మిగిలాయి. 1530ల చివర మఠాల మూతతో కొనేవాళ్ళే లేకుండా పోయారు.

అయితే ట్రింగ్ పలకల్ని మాత్రం వదిలి వెళ్ళలేను. 1330 ప్రాంతపువి, ట్రింగ్ అనే ఊళ్ళో పాత వస్తువుల కొట్లో దొరికాయి. వీటి మీద పసివాడైన ఏసు అల్లరి ఉంది. బైబిల్లోకి ఎక్కని కథలు. ఏటి ఒడ్డున మడుగులు కట్టి ఆడుకుంటుంటే ఒక పిల్లాడు వాటిని చెరిపేస్తాడు, వెంటనే చచ్చి పడిపోతాడు. మేరీ వచ్చి మందలిస్తే కాలితో తట్టి లేపుతాడు. ఈ పిల్లాడితో ఆడొద్దని ఒక తండ్రి కొడుకుని బురుజులో పెట్టి తాళం వేస్తే, ఏసు ఆ పిల్లాణ్ణి చిన్న సందులోంచి బయటికి లాగేస్తాడు. యశోద ఇంటి అల్లరి వింటూ పెరిగినవాళ్ళకి ఇందులో వింతేమీ తోచదు. ఈ పలకలు అరగలేదు. అందుకే ఇవి గోడకి పెట్టినవని పండితులు తేల్చారు. పనితీరు కూడా వేరు: తెల్లపూత మీద గీకి, కింది ఎరుపు తేల్చారు. ఎనిమిది బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, రెండు విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో.

గోడ అంటే తూర్పు గుర్తొస్తుంది. హెన్రీ కాలంలోనే ఇరాన్‌లో కాషాన్ పనివాళ్ళు నక్షత్రం పలకల్ని బంగారు మెరుపుతో కాల్చి గోడలకి పెట్టేవారు. పారశీక పలకల పని తర్వాత దక్కనుకీ వచ్చింది. హైదరాబాదు బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో కుతుబ్‌షాహీల నాటి పలకల గోడలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ వాటిని తొక్కింది కాళ్ళు కావు, మూసీ. 1908 వరద నీటికి కింది భాగం పలకలు దెబ్బతిన్నాయి. తర్వాత ఆ మేరకు గోడ మీద రంగులతో పలకల్లాగే బొమ్మ వేశారు. పైన అసలు, కింద నకలు, మధ్యలో వరద గీత.

ఇంగ్లండులో ఈ విద్య మళ్ళీ లేచింది 1830లో, శామ్యూల్ రైట్ తీసుకున్న పేటెంటుతో. హెర్బర్ట్ మింటన్ అందులో వాటా కొని, ఏళ్ళ తరబడి చెడిపోయిన సరుకు పారబోసి, చివరికి సాధించాడు. వాళ్ళ పార్లమెంటులో సభ్యులు నడిచే గచ్చు మింటన్‌దే. అది నున్నగా, తప్పు లేకుండా ఉంటుంది. నాకు అదే దాని లోటనిపిస్తుంది.

ముక్కల లెక్కకి మాత్రం 20వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. 1947లో బ్రిటిష్ మ్యూజియం రట్లాండ్ ప్రభువు సేకరణ కొన్నాక ఎలిజబెత్ ఈమ్స్ ఆ పనిలో దిగింది. 14,000 దాకా పలకల్ని ఒక్కొక్కటే వర్ణించిన ఆమె జాబితా 1980లో రెండు సంపుటాలుగా వచ్చింది. ఇక చెర్ట్‌సీ వలయాల చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాల పెంకులు మిగిలాయి. ఒక్కో పెంకు మీద కొద్దిపాటి అక్షరాలే ఉన్నాయి. ఇటీవల అమెరికాలో అమాండా లూస్టర్ ఆ తునకల్ని కూర్చి, మొత్తం గచ్చుని కంప్యూటర్ తెర మీద పరిచింది. 2023లో మసాచుసెట్స్‌లోని హోలీ క్రాస్ కాలేజీ ప్రదర్శనలో దాన్ని చూపించారు. ఆమె వాదన ప్రకారం ఈ పోరాటాల పలకల కూర్పు బైజాంటియం నుంచీ ముస్లిం రాజ్యాల నుంచీ దిగుమతైన పట్టుబట్టల్ని చూసి తీసుకున్నది. ఆ పట్టుల్లోనూ వలయంలో వేటగాడు, వలయంలో సింహం వరసగా వస్తారు. సలాదీన్ లోకం నుంచి వచ్చిన బట్టలు చూసే సలాదీన్‌ని పడగొట్టే బొమ్మ గీశారన్నమాట.