హిప్‌హాప్ ప్రొడ్యూసర్ జీవిక: ధ్వని, యాజమాన్యం, ఒప్పంద పత్రం

తెలుగులో 'నిర్మాత' అనగానే స్ఫురించేది పెట్టుబడి పెట్టినవాడు. ఆ మాటకు ఆ అర్థాన్ని స్థిరపరిచింది సినిమా రంగం. బాణీ కట్టేవాడు సంగీత దర్శకుడు, వాద్యాలను పొందుపరిచేవాడు అరేంజర్, ధ్వనిని ముద్రించేవాడు రికార్డింగ్ ఇంజనీరు. అమెరికా హిప్‌హాప్‌లో 'ప్రొడ్యూసర్' అన్న పదం ఈ ముగ్గురి పనినీ ఒక్కరికే అప్పగించింది. పెట్టుబడి మాత్రం చాలా సందర్భాల్లో అతని చేతిలో లేదు. కాబట్టి ఆ పదాన్ని 'నిర్మాత' అని అనువదిస్తే ఆర్థిక సంబంధమే తలకిందులవుతుంది. ఈ వ్యాసంలో ప్రొడ్యూసర్, బీట్‌మేకర్ అన్న పదాలను యథాతథంగా వాడటానికి కారణం ఇదే.

ఏ రికార్డు కంపెనీలోనూ జీతగాడు కాకుండా, తాను కూర్చిన ధ్వనినే అమ్ముకొని బతికిన ప్రొడ్యూసర్‌కు 1973 నుంచి నేటి వరకు ఆదాయం ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ఇక్కడి పరిశీలనాంశం. హిప్‌హాప్ చరిత్ర రచనలు ఎక్కువగా గాయకుల చుట్టూ, శైలుల చుట్టూ తిరిగాయి. పత్రాలను, ధరలను, తీర్పులను ముందుంచుకొని చూస్తే అదే చరిత్ర మరోలా కనిపిస్తుంది.

ప్రవేశ రుసుము, రికార్డు

హిప్‌హాప్ జన్మదినంగా చెప్పుకొనే 1973 ఆగస్టు 11 నాటి వేడుక ఒక ధనార్జన ప్రయత్నమన్న సంగతి తరచు మరుగున పడుతుంది. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలోని వినోదశాలను అద్దెకు తీసుకొని సిండీ క్యాంప్‌బెల్ ఆ వేడుక జరిపింది. బడి తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టుకోవడం ఆమె ఉద్దేశం. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. రికార్డులు తిప్పినవాడు ఆమె అన్న క్లైవ్ క్యాంప్‌బెల్, అంటే కూల్ హెర్క్. పాటలో గానం ఆగి డ్రమ్స్ మాత్రమే మిగిలే 'బ్రేక్' వద్ద జనం ఎక్కువగా ఆడుతున్నారని గమనించి, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని మార్చి మార్చి వినిపిస్తూ ఆ కొద్ది క్షణాలను పొడిగించే పద్ధతిని ఆయన పెంపొందించాడు. ఆ దశలో అమ్ముడయ్యేది సమయమూ స్థలమూ మాత్రమే. ధ్వనికి వేరే ధర లేదు, దాని యాజమాన్యం గురించి అడిగినవారూ లేరు.

1979లో ఆ పరిస్థితి మారింది. న్యూజెర్సీలో సిల్వియా రాబిన్సన్ స్థాపించిన షుగర్ హిల్ రికార్డ్స్ 'రాపర్స్ డిలైట్' విడుదల చేసింది. దానికి ఆధారం షీక్ బృందం పాట 'గుడ్ టైమ్స్' బాణీ. దానిని స్టూడియో వాద్యకారులు తిరిగి వాయించారు. నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ న్యాయపరమైన చర్యకు సిద్ధపడటంతో వారి పేర్లు రచయితలుగా చేరాయి. వేడుకలో ఎవరికీ పట్టని విషయం రికార్డుపై ముద్రితం కాగానే ఆస్తి తగాదా అయింది. ఆ తర్వాతి నలభై ఏళ్ల వివాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

యంత్రం

1980లో రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ యంత్రాన్ని దాదాపు 1,200 డాలర్ల ధరకు మార్కెట్లోకి తెచ్చింది. బ్రాంక్స్ యువకుడికి అది అందే ధర కాదు. 1982 నాటి 'ప్లానెట్ రాక్' పాటకు ఆ యంత్రం దొరికిన తీరును ప్రొడ్యూసర్ ఆర్థర్ బేకర్ అనంతర కాలంలో చెప్పాడు. పత్రికలో చిన్న ప్రకటన చూసి, యంత్రంతో సహా వచ్చి వాయించే ఒక వ్యక్తిని 20 డాలర్లకు పిలిపించారట. ఈ ఉదంతం ఒక పాట తెరవెనుక కథగా మాత్రమే మిగిలిపోయింది గాని, ఆర్థిక చరిత్రకు ఇది విలువైన సాక్ష్యం. మన ఊళ్లలో పెళ్లిళ్లకు మైకుసెట్టు అద్దెకిచ్చేవారి లాగే, యంత్రం కలిగి ఉండటమే అక్కడ ఒక జీవనోపాధి అయింది. పాట చరిత్రకెక్కినా అద్దెకు వచ్చిన మనిషికి దక్కింది ఆ పూట కూలి.

1987లో ఈ-మ్యూ సంస్థ ఎస్‌పి-1200, మరుసటి ఏడు అకాయ్ సంస్థ ఎంపీసీ-60 వచ్చాయి. మొదటిదానిలో నిల్వ చేయగల ధ్వని మొత్తం 10 సెకన్లు. రెండవదాని ధర సుమారు 5 వేల డాలర్లు. అయినా అవి గంటల లెక్కన డబ్బు గుంజే స్టూడియోను ప్రొడ్యూసర్ పడకగదికి కొంత దగ్గర చేశాయి. ప్రొడ్యూసర్ బీట్లను క్యాసెట్ మీద వరుసగా ఎక్కించి గాయకులకు వినిపించేవాడు. నచ్చితే ముందుగా కొంత సొమ్ము, అమ్మకాలపై సాధారణంగా 3, 4 శాతం వాటా, రచయితగా బాణీ హక్కులో సగం అన్నవి క్రమంగా ఆనవాయితీ అయ్యాయి. అయితే ముందు ఇచ్చిన సొమ్ము తిరిగి వసూలయ్యేదాకా ఆ శాతం చేతికి రాదు. స్వతంత్ర విడుదలల్లో ఈ లెక్క ఎంత పలచనో సులభంగా తేల్చవచ్చు. అమెరికాలో ప్రతి ప్రతికి పాట ఒక్కింటికి రచయితలకు చట్టబద్ధంగా చెల్లించవలసిన రుసుము 2006 నుంచి 2022 దాకా 9.1 సెంట్లు. పదివేల ప్రతులు అమ్ముడైతే 910 డాలర్లు, అందులో సగం 455. న్యూయార్క్‌లో ఒక గది నెల అద్దెకు కూడా అది చాలదు.

శాంపిల్ ఎవరిది?

పాత రికార్డు నుంచి ఒక తునకను తీసి కొత్త కూర్పులో వాడటమే శాంప్లింగ్. 1980ల చివరి వరకు దీనికి అనుమతి అడగడం అరుదు. 1991 డిసెంబరు 17న న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానంలో న్యాయమూర్తి కెవిన్ డఫీ ఇచ్చిన తీర్పు ఆ యుగాన్ని ముగించింది. బిజ్ మార్కీ అనే గాయకుడు గిల్బర్ట్ ఓసలివన్ పాటలోని భాగాన్ని అనుమతి లేకుండా వాడాడన్నది అభియోగం. తీర్పు దొంగతనాన్ని నిషేధించే బైబిలు ఆజ్ఞతో మొదలై, క్రిమినల్ విచారణ అవసరమేమో పరిశీలించమని సూచించేంత వరకు వెళ్లింది. శాంప్లింగ్ ఒక రచనా పద్ధతి కావచ్చునన్న ఆలోచనకు ఆ తీర్పులో చోటే లేదు. ఆ మేరకు అది న్యాయవిచారణ కంటే మందలింపుకు దగ్గరగా ఉంది.

ఆ తర్వాత ప్రతి శాంపిల్‌కూ రెండు అనుమతులు తప్పనిసరి అయ్యాయి. బాణీ హక్కుదారు నుంచి ఒకటి, అసలు ధ్వనిముద్రణ హక్కుదారు నుంచి మరొకటి. ఒకే పాటలో పది పదిహేను తునకలు కూర్చే పద్ధతి పెద్ద కంపెనీలకే భారమైతే స్వతంత్రుడికి అసాధ్యమే అయింది. 1992లో డాక్టర్ డ్రే 'ది క్రానిక్' ఆల్బమ్‌లో పాత బాణీలను వాద్యకారులతో తిరిగి వాయించిన పద్ధతికి ఆర్థికార్థం కూడా ఉంది: తిరిగి వాయిస్తే రెండు అనుమతుల్లో ఒకటే కావాలి. 1990ల ధ్వని మారడానికి అభిరుచి ఒక్కటే కారణమని రాసిన చరిత్రలు ఈ లెక్కను విస్మరించాయి. 2005లో ఆరవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం రెండు సెకన్ల గిటారు తునక విషయంలో సైతం లైసెన్సు లేనిదే వాడరాదని తేల్చింది. 2016లో తొమ్మిదవ సర్క్యూట్ సెకనులో నాలుగో వంతైనా లేని బాకా ధ్వని విషయంలో ఆ వాదాన్ని తిరస్కరించింది. అంటే ఒకే దేశంలో, ప్రొడ్యూసర్ మీద ఎక్కడ దావా పడిందన్న దానిని బట్టి తప్పొప్పులు మారుతున్నాయి. డి లా సోల్ బృందం 1989 నాటి తొలి ఆల్బమ్ 2023 మార్చి దాకా స్ట్రీమింగ్ వేదికలకు చేరకపోవడానికి శాంపిల్ అనుమతుల చిక్కు ఒక ముఖ్య కారణం.

ఇక్కడ ప్రొడ్యూసర్ పక్షాన మాత్రమే నిలబడటం చరిత్రకు న్యాయం కాదు. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్' పాట 1969లో ముద్రితమైంది. అందులో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన డ్రమ్స్ భాగం తరువాతి కాలంలో లెక్కకు మిక్కిలి హిప్‌హాప్ పాటలకు ఆధారమయింది. పాట రచన బ్రౌన్ పేరిట, ముద్రణ కంపెనీ పేరిట ఉన్నాయి. డ్రమ్స్ వాయించడాన్ని చట్టం రచనగా గుర్తించలేదు గనుక 2017లో మరణించేదాకా ఆయనకు ఆ శాంపిళ్లపై హక్కు రాబడి లేదు. అదే ఏడాది విన్‌స్టన్స్ బృందం 'ఆమెన్, బ్రదర్' పాటలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆరేడు సెకన్ల బ్రేక్ మీద బ్రిటన్‌లో ఒక సంగీత శాఖే లేచింది. కోల్‌మన్ 2006లో నిరుపేదగా మరణించాడు. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో బ్రిటిష్ డీజేలు చందాలు పోగుచేసి దాదాపు 24 వేల పౌండ్లు అందించారు. తీర్పులు కాపాడింది వాయించినవారిని కాదు, పత్రం చేత పట్టుకొన్నవారిని. శాంపిల్ చేసినవాడూ శాంపిల్ అయినవాడూ చాలాసార్లు ఒకే చివర నిలిచారు.

డెట్రాయిట్‌కు చెందిన జేమ్స్ యాన్సీ, అంటే జె డిల్లా, 2006 ఫిబ్రవరి 7న తన 32వ పుట్టినరోజున 'డోనట్స్' ఆల్బమ్ విడుదల కాగా మూడు రోజులకే మరణించాడు. పన్ను బాకీలు, వైద్యపు అప్పులు ఆయన ఆస్తిని వెంటాడాయి. ఆయన వాడిన ఎంపీసీ యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

ముప్పై డాలర్ల బీట్

కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వచ్చాక యంత్రం ధర అడ్డంకిగా నిలవలేదు. బెల్జియంలో తయారైన ఫ్రూటీలూప్స్ 1990ల చివరలో వెలువడింది. 2003లో జే-జెడ్ 'బ్లాక్ ఆల్బమ్'లో ఒక పాటకు నైన్త్ వండర్ ఆ సాఫ్ట్‌వేర్‌తోనే బీట్ కూర్చాడు. పనిముట్టు చౌకైన కొద్దీ పనివారు పెరిగారు, ఒక్కొక్క బీట్ వెల తగ్గింది. 2008లో ఆరంభమైన బీట్‌స్టార్స్ వంటి అంగళ్లు ఈ సరుకు రాశికి ఒక కొత్త వాడుకను స్థిరపరిచాయి. అదే లీజు. బీట్‌ను పూర్తిగా అమ్మకుండా, పరిమిత సంఖ్యలో ప్రతులకో శ్రవణాలకో అనుమతినిస్తూ ఇరవై, ముప్పై డాలర్లకు ఒకే బీట్‌ను ఎందరికైనా ఇవ్వవచ్చు. సంపూర్ణ హక్కు కోరేవారికి ధర వేరు. తోటను అమ్మకుండా ఏటేటా కాపును గుత్తకిచ్చే రైతు పద్ధతికి ఇది దగ్గర. తేడా ఒకటే: ఇక్కడ ఒకే కాపును పదిమందికి గుత్తకివ్వవచ్చు. నెలకు వంద లీజులు ముప్పై డాలర్ల చొప్పున పోతే 3 వేల డాలర్లు. ఒక్క పెద్ద గాయకుడి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం కంటే వందమంది అనామకులకు అమ్మడం మేలన్న లెక్క ఎందరినో ఈ వృత్తిలో నిలబెట్టింది.

ఈ విధానం బలమూ బలహీనతా ఒకే పాటలో బయటపడ్డాయి. నెదర్లాండ్స్‌కు చెందిన యంగ్‌కియో అనే యువకుడు నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం 2008 నాటి వాద్యసంగీతం నుంచి తీసిన బాంజో తునకతో ఒక బీట్ కూర్చి అంగట్లో పెట్టాడు. 2018లో లిల్ నాస్ ఎక్స్ దానిని 30 డాలర్లకు తీసుకున్నాడు. ఆ బీట్‌పై పాడిన 'ఓల్డ్ టౌన్ రోడ్' 2019లో బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 19 వారాలు ప్రథమ స్థానంలో నిలిచింది. అమ్మినవాడికి కొన్నవాడెవరో తెలియదు. పాట ప్రచారంలోకి వచ్చాకనే తన బీట్ అని గుర్తించాడు. పెద్ద కంపెనీ రంగప్రవేశం చేసిన తర్వాత శాంపిల్ అనుమతి సంపాదించారు, ప్రొడ్యూసర్‌తో కొత్త ఒప్పందం కుదిరింది, అసలు స్వరకర్తలు ట్రెంట్ రెజ్నర్, ఆటికస్ రాస్ పేర్లు రచయితల్లో చేరాయి. ఆ కొత్త ఒప్పందం జరగకుంటే ముప్పై డాలర్ల లీజుపత్రమే అతని హక్కుకు హద్దుగా మిగిలేది. 2018లో అమెరికా చేసిన సంగీత ఆధునికీకరణ చట్టంలో మొదటిసారిగా ప్రొడ్యూసర్ ప్రస్తావన చోటుచేసుకొంది. గాయకుడు లేఖ రాసిస్తే డిజిటల్ ప్రసారాల రాయల్టీ నుంచి ప్రొడ్యూసర్ వాటాను నేరుగా అతనికే చెల్లించవచ్చు. అయితే ఆ లేఖ గాయకుడి దయాదాక్షిణ్యమే.

భారతీయ చట్టం

ఈ చరిత్ర భారతదేశాన్ని ఊహించని దారిలో తాకింది. టింబలండ్ కూర్చిన ఒక పాటలో 'ఆరాధన' చిత్రంలోని పాట తునక ఉందని సరిగమ సంస్థ అమెరికాలో దావా వేసింది. 2011లో పదకొండవ సర్క్యూట్ న్యాయస్థానం దానిని తోసిపుచ్చింది. కారణం శాంపిల్ న్యాయమని కాదు. 1967లో గ్రామఫోన్ కంపెనీ, చిత్రనిర్మాణ సంస్థ రాసుకొన్న ఒప్పందం ప్రకారం కంపెనీకి ఆ హక్కు రెండేళ్లకు మించి లేదని తేలడమే.

హైదరాబాదు, విజయవాడలలో పడకగదుల నుంచి బీట్లు కూర్చి తెలుగు ర్యాప్ గాయకులకు అమ్ముతున్న యువకులకు ఈ చట్టం మాటలే ఆధారం. 1957 నాటి భారతీయ కాపీరైట్ చట్టం ప్రకారం కాగితం మీద స్వరలిపిగా రాసిందే సంగీత రచన. 1994 సవరణతో ఆ షరతు పోయింది. అంతకుముందు రూపొందిన ఏ బీట్ అయినా, స్వరలిపి లేకుంటే, రచనగానే లెక్కకు రాదు. 2012 సవరణ స్వరకర్త రాయల్టీ వాటాను వదులుకోరాని హక్కుగా మార్చింది. ఇక ధ్వనిముద్రణకు కర్త 'ప్రొడ్యూసర్' అనీ, చొరవా బాధ్యతా వహించినవాడే ప్రొడ్యూసర్ అనీ చట్టం నిర్వచిస్తుంది. సొంత గదిలో, సొంత ఖర్చుతో బీట్ పూర్తిచేసినవాడు ఈ నిర్వచనం ప్రకారం స్వరకర్త, ప్రొడ్యూసర్ రెండూ అవుతాడు. ఒక కంపెనీ పురమాయించి ఖర్చు భరిస్తే మాత్రం తెలుగు సినిమా అర్థంలోని 'నిర్మాత' మళ్లీ ప్రవేశిస్తాడు. మాటమీద, ఫోను సందేశాల మీద సాగే బీట్ల బేరం విషయంలో 19వ సెక్షన్ మరింత స్పష్టంగా ఉంది: సంతకం చేసిన లిఖిత పత్రం లేనిదే హక్కుల బదిలీ చెల్లదు, పత్రంలో గడువు రాయకుంటే అది అయిదేళ్లు, ప్రాంతం రాయకుంటే భారతదేశం మాత్రమే.