గాలిని గాలించిన కథ

మల్లెలు విచ్చిన వాకిటను, పెట్రోలు బంకు చెంతను, క్రొత్తగా రంగు పూసిన తలుపు ప్రక్కను నిలిచినపుడు మన ముక్కు వెంటనే ఏదియో పసిగట్టును. సులభముగా ఆవిరియై గాలిలో కలసిపోవు కర్బన పదార్థములవి. ముక్కు వాసన చెప్పును గాని, గాలిలో ఆ పదార్థము ఎంత పాలు కలదో చెప్పజాలదు. వాసన లేనిదానిని అసలే యెరుగదు. ఈ కొరతను తీర్చిన సాధనము గ్యాస్ క్రొమటోగ్రాఫు. అది ఎట్లు పుట్టినదో, పుట్టి మానవునకు ఏమి చూపినదో నేటి ప్రసంగములో మేము చెప్పదలచినాము.

దీనికి మూలపురుషుడు రష్యా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్. 1903 ప్రాంతమున వార్సా నగరములో ఆయన ఆకుపసరును సుద్దపొడి కూరిన గాజు గొట్టము గుండా దింపగా, ఆకుపచ్చ, పసుపు వన్నెలు వేర్వేరు పట్టెలుగా విడిపోయినవి. ‘రంగుల వ్రాత’ అను అర్థమున ఆయన దీనికి క్రొమటోగ్రఫీ యని పేరిడెను. రష్యన్ భాషలో త్స్వెత్ అనగా రంగు అనియే అర్థము! 1941లో ఆంగ్ల శాస్త్రజ్ఞులు మార్టిన్, సింజ్ అనువారు ద్రవమునకు మారుగా ఆవిరిని నడిపించియు ఇట్లే వేరుపరుపవచ్చునని వ్రాసిరి. పదేండ్లు దానిని పట్టించుకొన్నవారు లేరు. తుదకు మార్టినే, జేమ్స్ అను సహచరునితో కూడి, లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో దానిని చేసి చూపి 1952లో ప్రకటించెను.

దీని పనితీరు తెలియుటకు తిరునాళ్ళ వీధిని తలచుకొన్న చాలును. గుంపుగా వీధిలో ప్రవేశించినవారు గుంపుగా బయటపడరు. గాజుల కొట్టు కడను, మిఠాయి అంగడి కడను ఆగువారు వెనుకబడుదురు. దేనిమీదను మనసు లేనివారు ముందు వెడలుదురు. సన్నని పొడవైన గొట్టములోపల సులభముగా ఆవిరికాని ద్రవమును పట్టించి, నైట్రోజను వంటి వాయువుతో గాలి నమూనాను అందులోనికి పంపుదురు. ద్రవముపై మక్కువ గల పదార్థము ఆలస్యముగను, లేనిది శీఘ్రముగను చివరకు చేరును. అచట వేచియున్న శోధకము ఒక్కొక్కదానిని గుర్తింపగా ఒక్కొక్క శిఖరము నమోదగును. వెలువడిన కాలమును బట్టి పదార్థమేదో, శిఖరపు పరిమాణమును బట్టి అది యెంతో తేలును.

అదే సంస్థలో పనిచేయుచుండిన జేమ్స్ లవ్‌లాక్ 1957లో ఒక క్రొత్త శోధకమును నిర్మించెను. చిన్న గదివంటి దానిలో రేడియోధార్మిక పదార్థమొకటి ఎలక్ట్రానులను పుట్టించుచు సన్నని విద్యుత్ప్రవాహమును నిలిపియుంచును. క్లోరిను గల అణువులు వచ్చి ఎలక్ట్రానులను లాగికొనగా ప్రవాహము తగ్గును. ఆ తగ్గుదలయే కొలత. లక్షకోట్ల పాళ్ళలో కొన్ని పాళ్ళున్నను ఇది పట్టుకొనగలదు.

విల్ట్‌షైర్‌లోని తన పల్లెలో వేసవి దినములందు ఆవరించు మసక ప్రకృతి సహజమా, పట్టణముల పొగయా యని లవ్‌లాక్‌కు సందేహము కలిగెను. తుంతురులు చిమ్ము డబ్బాలలో వాడబడిన సి.ఎఫ్.సి.-11 అను వాయువు ప్రకృతిలో పుట్టదు. కావున దానిని ఆనవాలుగా కొలిచెను. మసక దినములందు అది హెచ్చుగా నుండెను. అంతవరకు బాగుగనే యున్నది. కాని పశ్చిమ ఐర్లండు తీరమున, అట్లాంటిక్ నుండి వీచు నిర్మలమైన గాలిలోను లక్షకోట్లకు సుమారు 50 పాళ్ళు కనిపించెను! ఇది ఎచటిది? ఓడనెక్కి చూడదలచి ధనసహాయము కోరగా లభింపలేదు. 1971లో తాను స్వయముగా కూర్చుకొన్న పరికరముతో షాకిల్టన్ అను ఓడపై బయలుదేరెను. ఓడ బ్రిటన్ నుండి అంటార్కిటికా వరకు పోయినది. త్రోవ పొడవునను ఆ వాయువు కనిపించినది.

1973లో ఈ కొలతలను ప్రకటించుచు, వీనివలన ఊహింపదగిన కీడేదియు లేదని లవ్‌లాక్ వ్రాసెను. ఇచట మేము కొంచెము ఆగుచున్నాము. అది అజాగ్రత్త యనుటకు మాకు మనసొప్పదు. పరిమాణము అత్యల్పము; ఆ వాయువు విషము కాదు, దేనితోను కలియదు. ఆయన దృష్టి పీల్చెడు గాలిపై నుండెను గాని పైగాలిపై లేదు. తరువాత తానే ఆ మాటకు చింతించెను. ఆయన కొలతలను గూర్చి విన్న రోలండ్ అను అమెరికా రసాయన శాస్త్రజ్ఞునకు మాత్రము వేరొక ప్రశ్న తోచినది: దేనితోను కలియనిది తుదకు ఏమగును? 1974లో మొలీనాతో కలసి ఆయన సమాధానము చెప్పెను. అది మెల్లగా పైకెగసి, అతినీలలోహిత కిరణములచే విరిగి, విడివడిన క్లోరినుతో ఓజోను పొరను తినివేయును. 1985లో అంటార్కిటికాపై ఓజోను తరిగిపోవుట బయటపడెను. 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరెను. 1995 నోబెల్ బహుమానము రోలండ్, మొలీనా, క్రుట్జెన్‌లకు దక్కెను. లవ్‌లాక్‌కు అందు పాలు లేదు.

ఆ వాయువు 1990 దశకము నడుమనుండి తగ్గుముఖము పట్టెను. అయినను గాలిని కొలుచుట మానలేదు. 2018లో తగ్గుదల మందగించినట్లు కొలతలు తెలిపినవి. ఎవరో నిషిద్ధ వాయువును మరల చేయుచున్నారని శాస్త్రజ్ఞులు అనుమానించిరి. 2019లో జాడలు తూర్పు చైనాకు దారితీసినవి. 2021 నాటికి ఆ వాయువు వెలువడుట మరల తగ్గినదని అవే కొలతలు చూపినవి.