ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వృత్తివిద్య: నిధుల పంపిణీలో న్యాయం

హయ్యర్ సెకండరీ విద్యార్థుల్లో 25 శాతాన్ని 1995 నాటికి వృత్తివిద్య వైపు మళ్లించాలని 1986 జాతీయ విద్యావిధానం లక్ష్యం పెట్టుకుంది. ఆ గడువు దాటిన పాతికేళ్లకు వచ్చిన 2020 విధానం, 19–24 ఏళ్ల శ్రామికుల్లో నియత వృత్తివిద్య పొందినవారు 5 శాతం లోపేనన్న పన్నెండో ప్రణాళిక అంచనాను ప్రస్తావించి, 2025 నాటికి సగం మంది విద్యార్థులకైనా ఆ చదువు పరిచయం కావాలంది. లక్ష్యాలకు మనకెప్పుడూ కొదవ లేదు. వైఫల్యానికి తల్లిదండ్రుల చిన్నచూపే కారణమనడం పరిపాటి. అందులో కొంత నిజమున్నా, డబ్బు ఏ కొలతతో బడికి చేరుతోందన్న ప్రశ్న ఆ మాట చాటున మరుగున పడుతోంది. బడికింత, ట్రేడుకింత అని గీసే పరిమితి సమానంగా కనిపిస్తుంది గానీ న్యాయంగా ఉండదన్నది ఈ వ్యాసం వాదన.

కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద తొమ్మిదో తరగతి నుంచి ఐటీ, రిటైల్, వ్యవసాయం, ఆటోమొబైల్, దుస్తుల తయారీ వంటి ట్రేడులు నడుస్తున్నాయి. ఐటీ ల్యాబులో తప్పు చేసిన పిల్లవాడు చెరిపేసి మళ్లీ చేస్తాడు. కుట్టు తరగతిలో చంక దగ్గర కత్తెర అరంగుళం లోపలికి పోతే ఆ ముక్క ఇక జాకెట్టుకు పనికిరాదు, కొత్త గుడ్డ కావాలి. చేయి తిరిగేది అలా పాడుచేస్తేనే. కాబట్టి పాడుచేయడానికీ బడ్జెట్టులో చోటుండాలి. ముడిసరుకు సొమ్ము ఏడాది మధ్యలో అయిపోతే మిగిలేది బోర్డు మీద బొమ్మే. పట్టణంలోని బడికి మెకానిక్ షెడ్డు నడిచిపోయేంత దూరంలో ఉంటుంది, మారుమూల మండలంలోని బడికి అక్కడికి వెళ్లిరావడానికి బస్సు ఖర్చే భారం. పైగా చాలా రాష్ట్రాల్లో ట్రైనర్లు ఔట్‌సోర్సింగ్‌లో వస్తారు. జీతం ఆలస్యమైనా కాంట్రాక్టు తెగినా ముందు ఆగిపోయేది ప్రాక్టికలే.

అవసరాన్ని బట్టి పంచాలన్న సూత్రం సమగ్ర శిక్షకు కొత్త కాదు. కేంద్ర, రాష్ట్ర వాటాలు సాధారణంగా 60:40 కాగా, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90:10. రాష్ట్రాల మధ్య ఒప్పుకున్న తేడాను రాష్ట్రం లోపల బడుల మధ్య ఎందుకు ఒప్పుకోరు? అమెరికాలో 2018 పెర్కిన్స్ చట్టం పాఠశాల స్థాయి నిధుల్లో 30 శాతాన్ని 5–17 ఏళ్ల జనాభాను బట్టి, 70 శాతాన్ని ఆ వయసు పిల్లల పేదరికాన్ని బట్టి స్థానిక విద్యాసంస్థలకు పంచుతుంది. ఆ అంకెలే మనకు అక్కర్లేదు. ట్రేడు వాస్తవ ఖర్చు, బడి దూరం, విద్యార్థుల పేదరికం అన్న మూడింటినీ తూకంలోకి తెస్తే చాలు. కేవలం నమోదు సంఖ్యతో పని జరగదు. నమోదును బట్టి శ్లాబులు పెట్టిన 2018 నాటి పాఠశాల గ్రాంటు నిబంధనల్లో 251 మంది ఉన్న బడికీ 1,000 మంది ఉన్న బడికీ ఒకటే మొత్తం, 75,000 రూపాయలు. తలకు లెక్కేస్తే మొదటిదానికి దాదాపు 299, రెండోదానికి 75.

ఒకే రేటు ఉంటే పైరవీలకు తావుండదంటారు. సూత్రాన్ని ముందే ప్రకటించి, యూడైస్ (బడుల గణాంకాల జాతీయ వ్యవస్థ) వివరాలతో ఎవరైనా సరిచూసుకునేలా చేస్తే అధికారి విచక్షణకు పెద్దగా చోటుండదు. బడులు వివరాలు పెంచి చూపే ప్రమాదం మాత్రం ఉంది, దానికి తనిఖీ తప్పదు. అసలు బరువైన అభ్యంతరం వేరు: పేద బడులకే వృత్తివిద్య నిధులు ఎక్కువిస్తే పేద పిల్లలను కులవృత్తుల్లోకే తోసినట్టు కాదా? ఈ భయానికి చరిత్ర ఉంది. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన 1953లోనే మద్రాసులో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక బడివేళలను రోజుకు మూడు గంటలకు కుదించి, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోమంది. కులవిద్య అన్న నిరసనల మధ్య 1954లో రాజాజీ తర్వాత ముఖ్యమంత్రి అయిన కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తేశారు. అయితే అందులో వృత్తి నేర్పడానికి సర్కారు ల్యాబు కట్టలేదు, పనిముట్లు కొనలేదు, గురువు సాధారణంగా తండ్రే. ఈనాటి బడిలో మిషనూ గుడ్డా ట్రైనరూ కరువైతే కుట్టులో నెగ్గుకొచ్చేది ఇంట్లో అప్పటికే మిషను ఉన్న పిల్లే. ఇంట్లో ఏ పనిముట్టూ లేని పిల్ల ఆటోమొబైలో ఎలక్ట్రానిక్సో ఎంచుకోవాలంటే ఆ పనిముట్టు బడిలోనే ఉండాలి.