యజమాని బదులు మేనేజర్: ఇంగ్లిష్ ఫుట్‌బాల్ ప్రెస్ మీట్‌లో జవాబుదారీ ఎవరు?

2022 మార్చి 13న లండన్‌లోని స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ మైదానంలో చెల్సీ 1-0 తేడాతో న్యూకాజిల్ యునైటెడ్‌ను ఓడించింది. ఆట ముగియబోతుండగా కై హావెర్ట్జ్ కొట్టిన గోల్‌తో ఫలితం తేలింది. ఆ రోజు రెండు జట్ల యజమానులూ వార్తల్లో ఉన్నారు. మూడు రోజుల ముందే చెల్సీ యజమాని రోమన్ అబ్రమోవిచ్‌పై బ్రిటిష్ ప్రభుత్వం ఆంక్షలు విధించింది. సరిగ్గా ముందురోజు సౌదీ అరేబియా 81 మందికి మరణశిక్ష అమలు చేసింది. న్యూకాజిల్ క్లబ్బును 2021 అక్టోబర్‌లో కొన్నప్పుడు అందులో 80 శాతం వాటా ఆ దేశపు పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్‌దే. మ్యాచ్ అయ్యాక న్యూకాజిల్ మేనేజర్ ఎడ్డీ హౌను విలేకరులు ఆ మరణశిక్షల గురించి అడిగారు. ఫుట్‌బాల్ ప్రశ్నలకు మాత్రమే జవాబిస్తానని ఆయన అన్నారు. మళ్లీ అడిగారు. మళ్లీ అదే జవాబు.

అప్పటికి రెండు వారాలుగా చెల్సీ మేనేజర్ థామస్ టూకెల్‌ది కూడా దాదాపు ఇదే పరిస్థితి. రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేసిన నాటి నుంచి అబ్రమోవిచ్ గురించి, యుద్ధం గురించి వరుసగా ప్రశ్నలు పడ్డాయి. మార్చి 1న టూకెల్ సహనం కోల్పోయారు. ఇక ఆపమన్నారు. తాను రాజకీయ నాయకుణ్ణి కాననీ, యుద్ధమంటే ఏమిటో అనుభవించి ఎరగననీ, ఇక్కడ ప్రశాంతంగా కూర్చుని మాట్లాడగలగడమే తన భాగ్యమనీ చెప్పారు. చెల్సీని దాదాపు 19 ఏళ్లు నడిపిన అబ్రమోవిచ్ మాత్రం ఇంటర్వ్యూలు ఇవ్వడమే అత్యంత అరుదు.

మేనేజర్లపై ఇంగ్లిష్ క్రీడా విలేకరులు కటువుగా ఉంటారన్నది పాత ఫిర్యాదు. ఆ కటుత్వానికి మూలం విలేకరుల స్వభావంలో కాక గది అమరికలో ఉందని ఈ వ్యాసం వాదన. క్లబ్బు అనే పెద్ద వ్యాపార సంస్థలో ప్రతి వారం ప్రశ్నలకు ఎదురుగా వచ్చి కూర్చోవాల్సిన మనిషి మేనేజర్ ఒక్కరే. కొనుగోళ్లు, అమ్మకాలు, అప్పులు, టికెట్ ధరలు, యజమాని రాజకీయాలు అన్నీ ఆ ఒక్క కుర్చీకే వచ్చి చేరతాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టవుతుంది.

గది ఎలా నడుస్తుందో ముందు చూడాలి. ప్రీమియర్ లీగ్‌లో మేనేజర్ వారానికి కనీసం రెండుసార్లు విలేకరులను కలుస్తారు: మ్యాచ్‌కు ఒకటి రెండు రోజుల ముందు ఒకసారి, మ్యాచ్ అయ్యాక ఒకసారి. మ్యాచ్‌కు ముందు జరిగే సమావేశంలో సాధారణంగా మొదటి భాగం టీవీ, రేడియోలకు ఇస్తారు. కెమెరాలు ఆగాక దినపత్రికల వంతు. అక్కడ చెప్పిన మాటలు రాత్రి ఫలానా సమయం దాకా బయట పెట్టకూడదన్న ఒప్పందం ఉంటుంది. ఆదివారం పత్రికలకు విడిగా మరికొంత సమయం ఇచ్చే ఆనవాయితీ కూడా ఉంది. ఎవరు అడగాలో క్లబ్బు ప్రెస్ ఆఫీసర్ చేత్తో చూపిస్తారు. సమావేశం ముగిశాక పోటీ పత్రికల విలేకరులు ఒకచోట గుమిగూడి, విన్నదాంట్లో రేపటి వార్త ఏదో మాట్లాడుకుని తేల్చుకోవడం మామూలే. ఒక్కరు వేరే దారి పట్టినా మిగతావాళ్లకు తమ ఎడిటర్ల నుంచి ఫోన్ వస్తుంది. పది పత్రికల్లో ఒకే శీర్షిక రావడానికి కుట్రలేమీ అక్కర్లేదు, ఆ భయం చాలు.

ప్రశ్నల రూపం గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. స్టీవెన్ క్లేమన్, జాన్ హెరిటేజ్ అనే పండితులు 2002లో వెలువరించిన అధ్యయనంలో అమెరికా అధ్యక్షులు ఐసెన్‌హోవర్, రేగన్ల ప్రెస్ మీట్లలో విలేకరులు వేసిన ప్రశ్నలను పోల్చారు. చొరవ, సూటిదనం, జవాబును ముందే ఒక వైపుకు ఒంచడం, దూకుడు అనే కొలతలతో చూస్తే రేగన్ నాటికి ప్రశ్నలు బాగా పదునెక్కాయని తేల్చారు. ఈ కొలతలను ఫుట్‌బాల్ గదికి తెస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఇక్కడి ప్రశ్నలు సూటిగా ఉండవు, కానీ ఒంపు మాత్రం విపరీతం. ‘మీరెంత నిరాశ చెందారు?’ అన్న ప్రశ్నలో నిరాశ ముందే ఖాయమైపోయింది, మేనేజర్ చేయగలిగిందల్లా దాని మోతాదు చెప్పడమే. ‘మీ ఉద్యోగం గురించి ఆందోళనగా ఉందా?’ అన్నది ఇంకా కఠినం. ఉందంటే భయపడ్డాడని వార్త. లేదంటే, భయం లేదని నొక్కి చెప్పాడని వార్త. నవ్వి ఊరుకుంటే జవాబు దాటేశాడని వార్త. ఏ జవాబు వచ్చినా ఉద్యోగం ప్రమాదంలో ఉందన్న మాట అచ్చుకెక్కుతుంది, ఆ మాటకు ఆధారం చూపే బాధ్యత మాత్రం ఎవరికీ ఉండదు.

అచ్చులోకి వచ్చేసరికి ఇంకో మార్పు జరుగుతుంది: ప్రశ్న మాయమవుతుంది. ఎన్నిసార్లు అడిగారో, ఏ మాటతో అడిగారో పాఠకుడికి చేరదు. మేనేజర్ తనంతట తానే ఆ విషయం ఎత్తినట్టు ‘అన్నాడు’ అని మాత్రమే మిగులుతుంది. ఏజెన్సీ కాపీ అనువాదంగా ఈ వార్తలు చదివే తెలుగు పాఠకుడికి ఆ గది మరీ దూరం. జవాబును చదివి మనిషిని అంచనా వేస్తాం, జవాబును రాబట్టిన ఒత్తిడి మన కంటపడదు.

మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా ఉన్న లూయిస్ వాన్ హాల్ ఉదంతంలో ఇదంతా ఒక్కచోట కనిపిస్తుంది. 2015 డిసెంబర్ 19న మాంచెస్టర్ యునైటెడ్ సొంత మైదానంలో నోరిచ్ చేతిలో ఓడింది. ఆయన్ని తీసేస్తారంటూ వార్తలు వెల్లువెత్తాయి. డిసెంబర్ 23 సమావేశానికి వచ్చిన వాన్ హాల్ మొదటి ప్రశ్నకు జవాబుగా ఎదురు ప్రశ్న వేశారు: నాకు క్షమాపణ చెప్పాలని ఈ గదిలో ఎవరికీ అనిపించడం లేదా? ఆ వార్తలు చూసి తన భార్య, పిల్లలు, మనవలు ఎంత కలవరపడ్డారో చెప్పారు. ఐదు నిమిషాలు కూడా నిండకముందే లేచి వెళ్లిపోయారు. ఆయన ఆ పదవిలో మరో ఐదు నెలలు ఉన్నారు. 2016 మే 21న ఎఫ్ఏ కప్ గెలిచిన సాయంత్రం కప్పును వెంట తెచ్చి విలేకరుల ముందు బల్ల మీద పెట్టారు, తనను ఆరు నెలలుగా ఉద్యోగం నుంచి తీసేస్తూనే ఉన్న మీడియా మిత్రులతో చర్చించడానికేమీ లేదన్నట్టు మాట్లాడారు. అప్పటికే ఆయన స్థానంలో జోసె మౌరిన్యో వస్తారన్న వార్త పొక్కింది. రెండు రోజుల తర్వాత క్లబ్బు ఆయన్ని తొలగించింది.

విలేకరుల సమాచారం తప్పు కాదని ఈ ముగింపు చూపి సమర్థించుకోవచ్చు. నేను అంగీకరించలేను. మేనేజర్‌ను మార్చాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు క్లబ్బు పెద్దలు. ఆ లీకులు ఎక్కడివైనా, వాటికి జవాబు చెప్పాల్సిన కుర్చీలో కూర్చున్నది మాత్రం, ఆ నిర్ణయం తెలిసే అవకాశం అందరికన్నా తక్కువ ఉన్న మనిషి. ఒక ఉద్యోగిని అతని ఉద్వాసన గురించి పదిమందిలో వారాల తరబడి ప్రశ్నించి, ప్రశ్నించాల్సిన యజమానిని వదిలేయడాన్ని పరిశోధనాత్మక జర్నలిజం అనలేం.

అయితే మేనేజర్లంతా బాధితులే అనడం కూడా సత్యదూరమే. మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా ఉన్న అలెక్స్ ఫెర్గూసన్ 2004లో తన కొడుకు వ్యవహారాలపై బీబీసీ ప్రసారం చేసిన డాక్యుమెంటరీకి నిరసనగా 2011 దాకా ఆ సంస్థతో మాట్లాడలేదు. హక్కులు కొన్న ప్రసార సంస్థలతో మేనేజర్లు మాట్లాడి తీరాలని లీగ్ నియమం వచ్చిన తర్వాత కూడా ఆయన కొంతకాలం దిగిరాలేదు. 2011 మే 24న, చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు ముందు, అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి రాబ్ హారిస్ ఫైనల్లో యునైటెడ్ ఆటగాడు ర్యాన్ గిగ్స్ ప్రాధాన్యం గురించి అడిగారు. గిగ్స్ వ్యక్తిగత జీవితం పత్రికల్లో నలుగుతున్న రోజులవి. హారిస్‌ను శుక్రవారం సమావేశానికి రానివ్వొద్దని ఫెర్గూసన్ పక్కనున్న ప్రెస్ ఆఫీసర్‌తో అన్న మాటలు మైకుల్లో రికార్డయ్యాయి. అదే హారిస్ 2019 మే 18న, మాంచెస్టర్ సిటీ 6-0తో ఎఫ్ఏ కప్ గెలిచిన సాయంత్రం, ఆ జట్టు మేనేజర్ పెప్ గార్డియోలాను అడిగారు: క్లబ్బు జీతం కాక మరో దారిలో మీకెప్పుడైనా డబ్బు అందిందా? పాత మేనేజర్ రాబర్టో మాంచినీ విషయంలో జర్మన్ పత్రిక డేర్ ష్పీగల్ అలాంటి ఆరోపణే ప్రచురించి ఉంది. ఇలాంటి రోజున ఇలాంటి ప్రశ్నా అని గార్డియోలా మండిపడ్డారు. నా దృష్టిలో అది న్యాయమైన ప్రశ్న. మేనేజర్ సొంత సంపాదన గురించి మేనేజర్‌నే అడిగారు.

ఈ రెండు ప్రశ్నలూ ఒకే వార్తా సంస్థ విలేకరి నుంచి రావడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ప్రపంచమంతా తిరిగే ఏజెన్సీ విలేకరి బతుకు ఒక క్లబ్బు తలుపు మీద ఆధారపడి ఉండదు. ఊరి పత్రిక విలేకరికి ఆ వెసులుబాటు లేదు. 2013 అక్టోబర్‌లో యజమాని మైక్ ఆష్లీకి వ్యతిరేకంగా అభిమానులు చేసిన ర్యాలీ వార్త వేసినందుకు న్యూకాజిల్ క్లబ్బు ఆ ఊరి పత్రికలైన క్రానికల్, జర్నల్, సండే సన్‌లకు ప్రవేశం నిషేధించింది. యజమాని గురించి రాసిన కలానికి మేనేజర్ గది తలుపు మూసుకుపోయింది. వచ్చే శుక్రవారం కూడా ఆ గదిలోకి వెళ్లాల్సిన విలేకరి, ఫెర్గూసన్ ముందు ఒక గొంతుతో, గెలవలేక సతమతమవుతున్న మేనేజర్ ముందు మరో గొంతుతో ఎందుకు మాట్లాడతాడో ఇక్కడ అర్థమవుతుంది. 1992 జూన్‌లో స్వీడన్ చేతిలో ఇంగ్లండ్ ఓడాక ‘ద సన్’ పత్రిక ఇంగ్లండ్ మేనేజర్ గ్రాహం టేలర్ తలను టర్నిప్ దుంపగా చిత్రించింది. ఆ వెక్కిరింత 2017లో ఆయన మరణవార్తల దాకా వెంటాడింది. అలాంటి బొమ్మ ఏ క్లబ్బు యజమానికీ అంత గట్టిగా అంటుకున్న సందర్భం నాకు గుర్తు రావడం లేదు.

ఇక హౌ దగ్గరికి. ఆయన మౌనాన్ని యూర్గెన్ క్లాప్ మౌనంతో పోల్చి చూడవచ్చు. 2020 మార్చిలో కరోనా గురించి అడిగినప్పుడు లివర్‌పూల్ మేనేజర్ క్లాప్, అలాంటి గంభీరమైన విషయంలో ఒక ఫుట్‌బాల్ మేనేజర్ అభిప్రాయం ఎవరికి ముఖ్యమని విసుక్కున్నారు. తెలిసినవాళ్లను అడగమన్నారు. లోకం మెచ్చుకుంది. రెండేళ్ల తర్వాత హౌ ఫుట్‌బాల్ దాటి మాట్లాడనంటే తీవ్ర విమర్శలు వచ్చాయి. పైకి ఒకే రకం నిరాకరణ. కానీ క్లాప్ జీతానికీ వైరస్‌కూ సంబంధం లేదు. హౌ జీతం వచ్చే ఖజానాకూ రియాద్‌కూ ఉంది. క్లబ్బు చేతులు మారిన నెల తర్వాత, అన్నీ తెలిసే ఆయన ఆ ఉద్యోగంలో చేరారు. కాబట్టి ఆయన్ని అడగడం తప్పని నేననను. అడగకపోతే 81 మంది మరణం ఆ మధ్యాహ్నపు ఆట కింద కప్పబడిపోయేది. అడిగిన విలేకరులు తమ పని చేశారు.

లోపం ఆ తర్వాతి అడుగులో ఉంది. సౌదీ ప్రభుత్వం క్లబ్బును నియంత్రించదని తమకు చట్టబద్ధమైన హామీలు అందాయని కొనుగోలు నాడు ప్రీమియర్ లీగ్ ప్రకటించింది. ఆ హామీల సంగతేమిటని అడగాల్సింది లీగ్ అధికారులను. క్లబ్బు ఛైర్మన్ యాసిర్ అల్-రుమయ్యన్ ఆ ఫండ్‌కు కూడా గవర్నరే. ప్రశ్నకు అసలు చిరునామా ఆయన. వార్త రాసేటప్పుడు మేనేజర్ ఏమనలేదో శీర్షికకెక్కించినంత పెద్ద అక్షరాల్లో, ఛైర్మన్‌ను ఎప్పుడు అడిగారో, ఆయన ఏం జవాబిచ్చారో, ఇవ్వలేదో కూడా రాయాలి. అడిగిన ప్రశ్నను జవాబు పక్కనే అచ్చు వేయాలి. రెండూ ఏ క్లబ్బు అనుమతీ అక్కర్లేని పనులు.

2025 జూలైలో బ్రిటన్ పార్లమెంటు చట్టం ద్వారా ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌కు స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. క్లబ్బుల ఆర్థిక ఆరోగ్యం, యజమానుల అర్హత, అభిమానులతో సంప్రదింపులు దాని పరిధిలోకి వచ్చాయి. యజమాని ఏడాదికి ఒక్కసారైనా విలేకరుల ముందు కూర్చోవాలని అడిగే పని మాత్రం ఇప్పటికీ పత్రికలదే.