చువ్వకు గుచ్చిన ఉత్తరాలు

చార్లెస్ డార్విన్ తనకు వచ్చిన ఉత్తరాలను చువ్వలకు గుచ్చి ఉంచేవాడని, ఉన్న కొద్దిపాటి చువ్వలూ నిండిపోయినప్పుడు కొన్నేళ్ల ఉత్తరాలను ఒక్కసారిగా తగులబెట్టి, ఖాళీ అయిన చువ్వలను మళ్లీ వాడుకునేవాడని ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1887లో మూడు సంపుటాలుగా వెలువరించిన జీవితచరిత్రలో నమోదు చేశాడు. తెలుగు ఇళ్లలో ఒకప్పుడు ఉత్తరాలనూ రశీదులనూ ఇనుప తీగకు గుచ్చి గోడకు వేలాడదీసిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. అయితే డార్విన్ దగ్గర చువ్వకున్న విలువ కాగితానికి లేకపోవడమే ఆశ్చర్యం.

1862కు ముందు వచ్చినవి దాదాపు అన్నీ ఇలాగే పోయాయని ఫ్రాన్సిస్ రాశాడు. ఆ మాటను కొంత సడలించుకోవాలి, ఎందుకంటే పరిశోధనకు పనికొస్తాయని డార్విన్ పక్కన పెట్టుకున్నవి మిగిలాయి. అయినా నష్టం చిన్నది కాదు. డార్విన్ రాసిన ఉత్తరాలను హుకర్ వంటి మిత్రులు భద్రంగా దాచినందువల్ల ఆయన మాట మనకు వినిపిస్తున్నా, ఆయనను ప్రశ్నించిన, సవరించిన ఎన్నో గొంతులు బూడిదలో కలిశాయి.

లేఖా పరిష్కరణ, అంటే చెదిరిన ఉత్తరాలను సేకరించి, పాఠాన్ని నిర్ణయించి, తేదీలూ వివరణలూ చేర్చి ప్రకటించడం, కొత్త విద్య కాదు. రోమన్ వక్త సిసెరో తన మిత్రుడు అట్టికస్‌కు రాసిన లేఖల ప్రతిని ఇటాలియన్ కవి పెట్రార్క్ 1345లో వెరోనాలో కనుగొన్న నాటికే ఆ లేఖల వయసు పదమూడు శతాబ్దాలు దాటింది. విక్టోరియా కాలపు కుటుంబ సంపాదకులు మాత్రం పాఠం కన్నా పరువును ఎక్కువగా కాపాడారు. డార్విన్ ఆత్మకథలో మతాన్ని గురించిన భాగాలను ఫ్రాన్సిస్ విడిచిపెట్టగా, మనుమరాలు నోరా బార్లో వాటిని 1958లో తిరిగి చేర్చింది.

అసలు శ్రమ 1974లో మొదలైంది. అమెరికన్ పండితుడు ఫ్రెడరిక్ బర్క్‌హార్ట్, కేంబ్రిడ్జ్ జంతుశాస్త్రవేత్త సిడ్నీ స్మిత్ తోడ్పాటుతో, డార్విన్ రాసినవే కాక ఆయనకు వచ్చినవీ కలిపి, దొరికిన ప్రతి ఉత్తరాన్నీ కోత లేకుండా అచ్చు వేయించాలని సంకల్పించాడు. మొదటి సంపుటం 1985లో వెలువడింది. సుమారు 15,000 లేఖలతో మొత్తం 30 సంపుటాలయ్యాయి. 2007లో మరణించిన బర్క్‌హార్ట్ చివరి సంపుటాన్ని చూడలేదు.

ఈ పనిలో అత్యంత కఠినమైనదీ అత్యంత రమణీయమైనదీ తేదీ నిర్ణయమే. డార్విన్ తరచు సంవత్సరం వేసేవాడు కాదు. జాతులు మార్పులేనివి కావన్న తన నమ్మకాన్ని హుకర్‌కు బయటపెట్టిన సుప్రసిద్ధ లేఖపైన ఆయన గురువారం అని మాత్రమే రాశాడు. 11 జనవరి 1844 అన్న తేదీ పరిష్కర్తలు నిర్ణయించినది కనుకనే అది చతురస్రపు కుండలీకరణాల్లో, అంటే మూలంలో లేని మాటకు గుర్తుగా వేసే గీతల మధ్య, కనిపిస్తుంది. కాగితం నమూనా, తపాలా ముద్ర, ఉత్తరంలో ప్రస్తావించిన పుస్తకం, వారానికీ తేదీకీ పొంతన, ఇవన్నీ సాక్ష్యాలే. 1869 ప్రాంతంలో డార్విన్ నివసించిన డౌన్ గ్రామపు తపాలా చిరునామా బ్రోమ్లీ నుంచి బెకెన్‌హామ్‌కు మారినందున, ఉత్తరం పైభాగంలోని ఊరి పేరే ఒక దశాబ్దాన్ని మరొక దశాబ్దం నుంచి వేరు చేయగలదు. ఇంత ఓర్పుతో చేసిన నిర్ణయాన్ని సాధారణ పాఠకుడు చూడకుండానే దాటిపోవడం బాధ కలిగించే సంగతి.

మంట తప్పించుకున్న ఉత్తరాలకు కత్తెర తప్పలేదు. డార్విన్ తన గదిలో విషయాల వారీగా ముప్ఫై నలభై పెద్ద అట్టసంచులు ఉంచుకుని, వచ్చిన ఉత్తరంలో పావురాల సంగతి ఒక సంచిలోకి, మొక్కల సంగతి మరో సంచిలోకి చేరేలా కాగితాన్ని ముక్కలు చేసేవాడు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వేర్వేరు చోట్ల పడి ఉన్న ఆ ముక్కలను దస్తూరీ, కాగితం, కోత అంచు ఆధారంగా కలిపి, పరిష్కర్తలు కొన్ని ఉత్తరాలను మళ్లీ నిలబెట్టారు. జత దొరకని ముక్కల్లో ముందు పుటలోని సమాచారం పూర్తిగా ఉన్నా, వెనుక పుటలో రాసిన కుశలప్రశ్నలు కత్తెర పడిన చోటే ఆగిపోయి ఉన్నాయి.