డేరా ఎవరు మోశారు?

గుడారాల గురించి మనకు దొరికే రాతలు చాలామటుకు గుడ్డ చుట్టూనే తిరుగుతాయి. తోలు పోయి నార వచ్చింది, నార పోయి నూలు, నూలు పోయి నైలాను, చివరకు ప్లాస్టిక్కు. తేలికైనది రాగానే బరువైనది మూలపడిందని వాటి లెక్క. నర్మెట్ట, జనగామ ప్రాంతానికి ఈ లెక్క నాకు కుదరడం లేదు. ఇక్కడ మందపాటి కాన్వాసు డేరా కనుమరుగైన కాలానికీ, తేలిక గుడ్డ వచ్చిన కాలానికీ మధ్య ముప్పై ఏళ్లకు పైగా ఖాళీ ఉంది. ఆ ఖాళీకి కారణం గుడ్డలో దొరకదు, మోసిన భుజంలో వెతకాలి.

పాత సంగతులు అందరికీ తెలిసినవే. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, సేనల తనిఖీకి రాయలు ఊరి బయట మక్కా మఖమలు డేరా వేయించిన సంగతి రాశాడు. అక్బరు శిబిరం ఒకటి కదలాలంటే 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది మోతగాళ్లు కావాలని అబుల్ ఫజల్ లెక్క చెప్పాడు. డేరాలు వేసే ఫరాషులే వెయ్యిమంది. 1687లో ఔరంగజేబు సేన గోలకొండ చుట్టూ ఎనిమిది నెలలు గుడారాల్లోనే గడిపింది. ఆ సేనలకు ధాన్యం మోసిన లంబాడీలు మాత్రం ఎద్దుల మీది గోనెలు దించి, పేర్చి, వాటి చాటునే పడుకునేవారు. చరిత్రకారులు మఖమలు దగ్గర ఆగినంతసేపు గోనె దగ్గర ఆగరు.

కాన్వాసు డేరా మనకు తెలిసిన రూపానికి వచ్చింది పంతొమ్మిదో శతాబ్దంలో, కాన్పూరు మిల్లుల పుణ్యమా అని. మ్యూర్ మిల్లు 1874లో మొదలైంది, దాని డేరాలకు పేరుండేది. ఆ కాలపు సర్కారీ డేరాల్లో ఒకదాని పేరే ‘80 పౌండ్ల డేరా’. పేరులో పొడవు లేదు, వెడల్పు లేదు, ఎంతమంది పడతారన్నది లేదు. తూకం ఒక్కటే. సైన్యం లెక్కలో కంచరగాడిద మోసే బరువు 160 పౌండ్లు, అటొకటి ఇటొకటి 80. అంటే దాదాపు 36 కిలోలు. డేరా కొలత మోసే జంతువు వీపు మీద తేలిందన్నమాట.

మరి కంచరగాడిద లేని ఊళ్లో? అసలు సంగతి ఇక్కడుంది. 1865లో దివాను సాలార్‌జంగ్ జిల్లాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడదీశాక నిజాం రాజ్యంలో తాలూకాలు, తహసీల్దార్లు స్థిరపడ్డారు. అధికారి ఊళ్లు తిరగడాన్ని ‘దౌరా’ అనేవారు. దౌరా ఉన్నచోట డేరా ఉండేది. సామాను జనగామ స్టేషను దాకా రైల్లో వచ్చినా, అక్కణ్నుంచి చెలకల దారే. ఒక ఊరి నుంచి మరో ఊరికి అధికారి సామాను చేరవేయడం వెట్టిలో, అంటే కూలి లేని బలవంతపు చాకిరిలో, భాగం. సామాను అంటే మంచం, గిన్నెలు, దస్త్రాలు, వాటన్నిటికంటే బరువైన డేరా. దళిత కుటుంబాలు ఇంటికొక మనిషిని వెట్టికి పంపాల్సి వచ్చేదని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య తన తెలంగాణ పోరాట గ్రంథంలో రాశారు. కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల గొర్రెనివ్వాలి.

ఒక సవరణ ఒప్పుకోవాలి. డేరాలు వేయడానికి జీతం తీసుకునే ఖలాసీలు ఉండేవారు, అన్నీ ఊరివాళ్లే చేశారనడం అతిశయం. అయితే తాళ్లు బిగించడం ఖలాసీ పని, బరువు ఊరిది. ‘ఇంట్లో డేరా వేసిండు’ అని పోని చుట్టం గురించి మనవాళ్లు విసుక్కోవడంలో ఆ దౌరాల జ్ఞాపకం ఉందనిపిస్తుంది. సాక్ష్యంగా మాత్రం వాడను, ఆ నుడి ఉర్దూలోనూ హిందీలోనూ ఉన్నదే.

ఈ బరువు నాకు కాగితాల మీద అర్థం కాలేదు. ఆ మధ్య పాత మిలటరీ సరుకు అమ్మే దుకాణంలో పన్నెండు అడుగుల చదరపు కాన్వాసు డేరా కొన్నాను. చదరపు మీటరుకు 300 గ్రాములకు తగ్గని నూలు గుడ్డ, కుట్ల మీద పట్టీలు, కొనల్లో ఇత్తడి కళ్లు, చూడ్డానికి బాగానే ఉంది. ఇద్దరం పడితేనే ఆటో ఎక్కింది. నర్మెట్ట దగ్గర ఒక మామిడితోటలో వేద్దామంటే మొరం నేల కొయ్య మేకుల్ని లోపలికి రానివ్వలేదు. గడ్డపారతో బొక్క చేసి ఇనుప మేకులు దిగ్గొట్టాం, తల డేరాకు ఎదురువైపు వాలేట్టు. నడిమి గుంజ నిలబెట్టేటప్పుడు నాలుగు మూలలా నలుగురు ఉండాలి. మేం ముగ్గురమే. పక్క చేనులో మందులు కొట్టే పెద్దమనిషి వచ్చి తాడు పట్టాడు. ‘గింత బరువెందుకు కొన్నవు బిడ్డా?’ అన్నాడు. రాత్రి వాన పడింది. తడిసిన నూలుతాళ్లు బిగుసుకుంటాయని, పడుకునే ముందు కాస్త వదులు చేయాలని చదివి ఉండీ మరిచాను. అర్ధరాత్రి ఒక మేకు మట్టితో సహా ఊడొచ్చింది. గుడ్డ మాత్రం కారలేదు. తడికి పోగులు ఉబ్బి సందులు మూసుకున్నాయి. లోపల్నుంచి నేను వేలు ఆనించిన చోట మాత్రం చెమ్మ దిగింది. తెల్లారి చూస్తే తడిసిన డేరాను ముగ్గురం కలిసి కూడా లేపలేకపోయాం. అలాగే మడిస్తే బూజు పడుతుంది కాబట్టి ఎండ వచ్చేదాకా కూర్చున్నాం. దౌరా కదలాల్సిన రోజున తడి డేరాను ఎత్తుకున్నవాళ్లు నాకు అప్పుడు గుర్తొచ్చారు.

1921లో పుట్టిన ఆంధ్రజనసంఘం మొదట చేపట్టిన పనుల్లో వెట్టి మీద ప్రచారం ఒకటి. మాడపాటి హనుమంతరావు ఆ పనికి నడుం కట్టారు. 1946 జులై 4న కడవెండిలో దేశముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఈ చుట్టుపక్కల ఊళ్లలో వెట్టి చేయించే ధైర్యం సడలింది. డేరా దౌరాలకు దెబ్బ తగిలింది అప్పుడే. జీపు వచ్చి డేరాను అవసరం లేకుండా చేసిందని కొందరంటారు. సాయంత్రానికి ఇల్లు చేరే అధికారికి డేరా ఎందుకు? సబబైన మాటే, కానీ బ్లాకులకు జీపులిచ్చిన సామాజిక అభివృద్ధి పథకం మొదలైంది 1952 అక్టోబరు 2న. మోయను అన్న మాట అంతకుముందే వచ్చింది. ప్లాస్టిక్ పరదాలు మన ఊళ్లలో విరివిగా కనిపించిందైతే 1980ల తర్వాతే. ఈ నడుమ కాన్వాసు ఎక్కడ బతికింది? లారీలున్న సైన్యం దగ్గర, సర్కసుల్లో, డేరా టాకీసుల్లో. బండి ఉన్నచోట నిలిచింది, మనిషి భుజమే దిక్కైన చోట పోయింది.

ఇప్పటి సంగతి నాకంత ముచ్చటగా లేదు. రిసార్టుల్లో కాంక్రీటు దిమ్మె మీద బోల్టులతో బిగించి, ఏసీ పెట్టి ‘టెంట్’ అంటున్నారు. కదలని డేరా అద్దె గది, అంతే. ఊళ్లో టెంట్‌హౌజ్ వాళ్ల షామియానాలు ఎండకు పనికొస్తాయి, గాలివానకు కావు. మేడారం జాతరకు ఒకప్పుడు ఎడ్లబండి కిందే పడుకునేవారు. ఇప్పుడు నీలం ప్లాస్టిక్ నాలుగు కట్టెల మీద లాగి మూడు రోజులు గడుపుతున్నారు. చవక, తేలిక, కాదనను. కానీ లోపల ఉక్క, పగలంతా ఎవరూ ఉండలేరు.

మొన్న యాసంగిలో నర్మెట్ట దారిలో వడ్ల కుప్పల మీద పరదాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెడుతున్నారు. గాలికి ఒక పరదా లేచింది. ఇద్దరు ఆడవాళ్లు కొసల మీద కూర్చున్నారు, వాన వెలిసేదాకా.