ఉత్తరమేరూరు సభయందుఁ బాండిత్యమునకుఁ గల స్థానము

గ్రామమును విద్వాంసులు పాలింపవలెనా, సామాన్యజనులు పాలింపవలెనా యను వాదమున రెండు పక్షములవారును ఉత్తరమేరూరు శాసనములను దమకుఁ బ్రమాణముగాఁ జూపఁగలరు. వానిని సాంతముగాఁ జదివినచో నే పక్షమునకును బూర్తిగాఁ దృప్తి కలుగదు.

కాంచీపురప్రాంతమునందలి యీ యగ్రహారమున, వైకుంఠపెరుమాళ్ కోవెల గోడలపై, మొదటి పరాంతకచోళుని కాలపు శాసనములు రెండు గలవు. మొదటిది క్రీ. శ. 919 నాఁటిది, రెండవది 921 నాఁటిది. రెండవదానిని బట్టి గ్రామమున 30 వాడలు. పాలకసంఘములకు, అనఁగా వారియములకు, అభ్యర్థియైనవానికిఁ బన్ను చెల్లించు భూమి కాలువేలికి మించి యుండవలెను (వేలి యచ్చటి భూమానము). స్వంతస్థలమున నిల్లుండవలెను. వయస్సు 35కుఁ బైని, 70కి లోపల నుండవలెను. మంత్రబ్రాహ్మణముల నెఱిఁగి బోధింపఁగలవాఁడు కావలెను. వేలిలో నెనిమిదవవంతే యున్నను, ఒక వేదమును, నాలుగు భాష్యములలో నొకదానిని నేర్చి వివరింపఁగలవాని పేరును జేర్పవచ్చును. భాష్యమునకు సభవారు భూమితో వెలకట్టిరన్నమాట! మనబోఁటివారికిది ముచ్చటయే.

అయినను ఎన్నిక పాండిత్యముచేతఁ గాదు. పేరులు వ్రాసిన యోలలను వాడవాడకుఁ గట్టలుగాఁ గట్టి కుండలో వేయుదురు. బాలవృద్ధులతోఁ గూడిన మహాసభ యెదుట, లోన నేమున్నదో యెఱుఁగని బాలుఁ డొక కట్టను దీయును. దానిని వేఱొక కుండలోఁ గలఁచి యొక యోలను దీయును. మధ్యస్థుఁడు దానిని అయిదు వ్రేళ్లును జాపిన యరచేత నందుకొని చదువవలెను. ఓలను మార్చుట కవకాశములేని యీ చిన్న నియమము, నా మతమున, పెద్ద యుపదేశములకంటె మేలు. పిమ్మట నచటి యర్చకులందఱును దానిని జదువుదురు.

ఇట్లు వచ్చిన 30 మందిలో 12 గురు సంవత్సరవారియమునకు, 12 గురు తోటవారియమునకు, ఆర్గురు చెఱువువారియమునకుఁ బోవుదురు. ఇచ్చట మరల విద్య యక్కఱకు వచ్చును: తోట, చెఱువు వారియములలోఁ బూర్వము పనిచేసినవారిని, విద్యావృద్ధులను, వయోవృద్ధులను సంవత్సరవారియమున నుంతురు. గడువు 360 దినములు.

దీనిని సర్వజనపాలనమని పొగడుట చెల్లదు. భూమిగల బ్రాహ్మణపురుషులకే కుండలోఁ జోటు. చెఱువునీటిపై బ్రతుకు కాఁపులకు లేదు, స్త్రీలకు లేదు.

ఆ కొలఁదిమందిలోనైనను సభవారు గట్టిగాఁ బట్టుకొన్నది లెక్క. గతమున వారియమునందుండి లెక్క చూపనివాఁ డనర్హుఁడు. వాని పినతల్లుల కొడుకులు, మేనత్తల కొడుకులు, మేనమామలు, బావమఱఁదులు, అల్లుఁడు, తండ్రి, కొడుకు, అందఱు ననర్హులే. భాష్యము నేర్చినవానికిని ఇందు మినహాయింపు గానరాదు.